ఒక జాన దీర్ఘం

నలభై దాటాక గానీ నాకు అక్షరాలు రాలేదు. మా అమ్మకు నా వెనక నలుగురు పుట్టారు. వాళ్ళను ఎత్తుకు తిరగడానికి ఒక మనిషి కావాలి, ఆ మనిషిని నేను. బడి గెడ్డకు, అంటే మా కొండవాగుకు, అవతల ఉండేది. వానల్లో గెడ్డ దాటలేము. ఎండల్లో మేకలను వదిలి వెళ్ళలేము. చలికాలం వచ్చేసరికి వలిసె చేలు కోతకొచ్చేవి. పైగా మా ఇంటి మాట వేరు. తెలుగు నేను సంతలో ఉప్పూ మిరపకాయలూ అడగడానికి నేర్చుకున్నది. పెళ్ళయ్యాక అదే ఇంటి మాట అయింది. ఆయనది జి.మాడుగుల వైపు, నాది అరకు వైపు. ఇద్దరికీ కలిసింది ఆ ఒక్క మాటే.

ఆ తర్వాత ఎప్పటికో అంగన్‌వాడీ గదిలో మధ్యాహ్నాలు పెద్దవాళ్ళకు చదువు పెట్టారు. నేర్పిన పిల్లకు నా కూతురి వయసుంటుంది. ఊళ్ళో ఆడవాళ్ళు చాలామంది సంతకం వచ్చాక మానేశారు. నేను మానలేదు. గోడల మీద రాసినవీ, ఎరువు సంచుల మీద ఉన్నవీ కూడబలుక్కుని చదివేదాన్ని. అయినా ఈ సంగతి రాయడానికి మాత్రం ఇంకా రెండేళ్ళు పట్టింది. నేను రాసి ఊరు దాటించిన మొదటి చీటీ ఇందులో ఉంది. అది చేయబోయిన పని తలచుకుంటే ఇప్పటికీ పెన్ను పట్టిన వేళ్ళకు చెమట పడుతుంది.

మా ఆయన మెకానిక్కు. కాఫీ పండ్ల తొక్క తీసే మిషన్లు, నీళ్ళ మోటార్లు, పిండి మరలు, ఏది ఆగిపోయినా చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఆయనకే కబురొచ్చేది. బండి మీద పానాల సంచి వేసుకుని వెళ్ళేవాడు. ఒక ఏడాది మిరియాలు కోస్తుంటే నిచ్చెన జారి, ఆ తీగ పాకిన సిల్వర్ ఓక్ చెట్టు మీంచి పడ్డాడు. ప్రాణానికి ఏమీ కాలేదు. కుడి మోకాలు మాత్రం మడత పడటం మానేసింది. ఎముక అతికింది గానీ కాలు ఎప్పుడూ ముందుకు చాపుకునే ఉంటుంది. కూర్చున్నా అంతే, పడుకున్నా అంతే. మామూలు బండి ఎక్కితే ఆ కాలు పక్కకు తన్నుకుని నిలబడేది. ఒకసారి అలాగే వెళ్ళబోయి రాతి గోడకు తగిలించుకున్నాడు. ఆ మర్నాడే బండిని తమ్ముడికి ఇచ్చేశాడు.

ఆ తర్వాత రెండేళ్ళు అరుగు మీద గడిపాడు. ఎవరైనా చిన్న మోటార్లు తెచ్చిస్తే విప్పి బాగుచేసేవాడు. మాటలు తగ్గిపోయాయి. అన్నం తినేటప్పుడు కూడా రోడ్డు వైపే చూసేవాడు. దూరంగా ఏ బండి చప్పుడు వినిపించినా దానికి ఏం రోగముందో తనలో తాను చెప్పుకునేవాడు. మనిషి ఇంట్లోనే ఉన్నాడు కదా, ఇక పడిపోతాడన్న భయం లేదు కదా అని నేను లోలోపల కాస్త నిశ్చింతగా ఉండేదాన్ని. ఆ నిశ్చింత తప్పని ఆయన ముఖం చూసినప్పుడల్లా తెలుస్తూనే ఉండేది.

అరకులో ఒక గెస్ట్‌హౌస్ వెనక ప్లాస్టిక్ పట్టా కింద పాత బండి ఒకటి ఏళ్ళ తరబడి పడి ఉంది. విదేశీ బండి. దాన్ని తెచ్చినవాళ్ళు వదిలేసి పోయారు. గెస్ట్‌హౌస్ వాళ్ళు నీళ్ళ మోటారు ఆగినప్పుడల్లా ఇంటికి తెచ్చిస్తే ఒక సీజనంతా ఆయనే బాగుచేసినందుకు, డబ్బుకు బదులు ఆ బండిని పట్టుకుపొమ్మన్నారు. ఆటో మీద కట్టి తెచ్చారు. సీటులో ఎలుకలు పిల్లలు పెట్టాయి. నేను దాన్ని చూసి ఇనప సామాన్లవాడికి వేయడానికి తెచ్చాడనుకున్నాను.

"గొలుసు నేదు, సూసినావా?" అన్నాడు. రెండేళ్ళలో ఆయన గొంతులో ఆ హుషారు నేను వినలేదు.

మామూలు బండికి వెనక చక్రాన్ని గొలుసు లాగుతుంది. దీనికి గొలుసు బదులు షాఫ్టు ఉంది. ఒక ఇనప కడ్డీ, గొట్టంలో దాక్కుని, గేరుపెట్టె నుంచి చక్రం దాకా పోతుంది. కడ్డీ రెండు కొనలకూ ఉన్న పళ్ళు అటు గేరుపెట్టెలో, ఇటు చక్రంలో పట్టుకుంటాయి, కడ్డీ తిరిగితే చక్రం తిరుగుతుంది. మట్టి అంటదు, తెగదు, మా వానల్లో ఇదే బాగుంటుందని చెప్పాడు. ఆ తర్వాత ఫోన్లో ఒక బొమ్మ చూపించాడు. పట్నం కుర్రాళ్ళు షోకు కోసం ఇలా చేయించుకుంటారట. మడ్‌గార్డులు కోసేసి, ఉన్నవన్నీ పీకేసి, నేలకు దగ్గరగా ఒక్క మనిషికే సీటు పెడతారట. బాబర్ అంటారట. కొందరు వెనక చక్రాన్ని ఇంకా వెనక్కి జరిపి బండిని సాగదీస్తారట. అలా సాగదీస్తే సీటు వెనక్కి పోతుంది, కాలు ముందుకు చాపుకుని కూర్చోవచ్చు. వాళ్ళకు అది షోకు. ఆయనకు కాలు పెట్టుకునే చోటు.

ఒక్క మనిషికే సీటు అన్న మాట దగ్గర నా మనసు ఆగిపోయింది. ఇదివరకు ఆయన ఎంత దూరం వెళ్ళినా ఘాటు రోడ్డు దిగేటప్పుడు నేను వెనక కూర్చుని నడుం పట్టుకునేదాన్ని. పట్టుకుంటే పడడని కాదు. పట్టుకోవడం నాకు అలవాటు.

ఎంత సాగదీయాలో తేల్చడానికి అరుగు మీద చెక్క పలక వేసుకుని కూర్చున్నాడు. కాలు చాపాడు. బండికి ఫుట్‌రెస్టు ఉండే చోట నన్ను ఇటుక పెట్టమన్నాడు. బండి కొలతలన్నీ సుద్దతో నేల మీద గీసి ఉన్నాయి. మడమ ఇటుకను ఎంత దాటిపోయిందో చెయ్యి పెట్టి చూశాడు. బొటనవేలి నుంచి చిటికెన వేలి దాకా, సరిగ్గా ఒక జాన.

రోడ్డు పక్కన కిటికీ గ్రిల్స్ చేసే షెడ్డు ఉంది. ఆదివారాలు అది మూసి ఉన్నప్పుడు అక్కడి వెల్డింగ్ మిషన్ వాడుకోనిచ్చారు. వెనక చక్రాన్ని పట్టుకునే గొట్టాన్ని ఆయన అడ్డంగా కోసి, మధ్యలో ఒక జాన ముక్క పెట్టి అతికాడు. నేను గొట్టాన్ని పట్టుకుని ముఖం పక్కకు తిప్పుకుని నిలబడేదాన్ని. ఉన్న బండిని కోస్తుంటే ఆయన కాలినే కోస్తున్నట్టుండేది. అతుకు చల్లారాక రాయితో కొట్టి చూపించేవాడు, గట్టిగా ఉందని. రాయి దెబ్బకు ఆగినది ఘాటు మలుపులో ఆగుతుందా అని నేను అడిగేదాన్ని కాదు. వెనక బ్రేకును కాలి దగ్గర్నుంచి తీసి చేతికి తెచ్చాడు. ఆ తీగ ఎన్నిసార్లు లాగి చూశానో నాకే తెలియదు.

ఎదురింటామె ఆయనకు చెల్లెలి వరస. షెడ్డు ముందు నుంచి పోతూ ఆగేది.

"ఏటొదినా, మా అన్నకి బండి సేత్తన్నారా, మంచం సేత్తన్నారా?"

"రెండూనే," అన్నాడాయన. "నిద్దరొస్తే దీని మీదే తొంగుంటాను. మీ వదిన గురక బాధుండదు."

ఆమె నవ్వింది, నేనూ నవ్వాను. ఆయన నవ్వడం చూసి నాకు భయం ఇంకా పెరిగింది. ఇది కుదరకపోతే ఈ మనిషిని మళ్ళీ అరుగు మీద కూర్చోబెట్టాలి కదా.

గొట్టం పొడుగైంది కాబట్టి లోపలి కడ్డీ కూడా అంతే పొడుగవ్వాలి. ఆ పని ఇక్కడ కాదు. కడ్డీ వంకర పోకుండా తిప్పుతూ అతకాలి, దానికి లేత్ మిషన్ కావాలి. ఘాటు దిగువన, కొండ ఊళ్ళ పనులన్నీ చేసే లేత్ పనివాడొకడున్నాడు. ఫోన్ చేస్తే, కూరగాయల జీపులో పంపిస్తే చేసి పంపుతానన్నాడు.

మాలో కొలతకు పుల్ల పంపుతాం. సంతలో పిల్లకు చెప్పులు కొనాలంటే పాదమంత వెదురు పుల్ల కోసి పట్టుకెళ్తాం. తలుపు చేయించాలన్నా పుల్లే, కడియం చేయించాలన్నా దారమో పుల్లో. ఆయన తన జాన ఎంతో అంత వెదురు పుల్ల చీల్చి, రెండు చివర్లా కత్తితో గాటు పెట్టి, షాఫ్టుతో పాటు గోనె ముక్కలో చుట్టాడు. చుట్టి నాకిచ్చి జీపులో వేయమన్నాడు.

నేను ఆ గోనె విప్పాను.

ఒకప్పుడు సంతలో నేను చెప్పులో పుల్ల పెట్టి చూస్తుంటే కొట్టువాడు, "ఏటమ్మా, సెప్పులు కాలికా, పుల్లకా?" అని పదిమందిలో అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుని అలాగే ఉండిపోయింది. ఇప్పుడు నాకు రాత వచ్చు. పుల్ల పంపితే ఆ లేత్ ఆయన ఏమనుకుంటాడు? పుల్లను తీసి చూరులో దోపాను. దాని బదులు నోటుబుక్కులో కాగితం చింపి చీటీ రాశాను. "అయ్యా, ఈ షాఫ్టు ఒక జాన పొడుగు చేయాలి. రెండు కొనల పళ్ళు ఒకే వరసలో ఉండాలి. నమస్కారం."

మూడుసార్లు రాసి మూడుసార్లు చింపాను. నా బెంగంతా దీర్ఘం మీదే. దీర్ఘం మరిచిపోతే జాన కాస్తా జన అయిపోతుందని ఆ పిల్ల క్లాసులో ఎన్నోసార్లు చెప్పింది. జీపు హారన్ కొడుతున్నా కూడా జా దగ్గర ఆగి, దీర్ఘం సరిగా ఉందో లేదో చూసుకుని మడత పెట్టాను. చీటీ రాశానని ఆయనకు చెప్పాను. దీర్ఘం గురించి కూడా సాయంత్రమంతా చెప్పాను. పుల్ల తీసేశానని మాత్రం చెప్పలేదు.

తొమ్మిదో రోజు పొద్దున షాఫ్టు తిరిగొచ్చింది. అతుకు నున్నగా, ఎక్కడ కలిసిందో తెలియకుండా ఉంది. ఒక కొనకు తీగతో నా చీటీనే కట్టి పంపాడు. వెనక వైపు ఏదో రాసి ఉంది. మా ఆయనకు అంకెలు తప్ప చదువు రాదు. చీటీ నా చేతికిచ్చాడు.

"ఏటన్నాడు? సదువు."

చూశాను. నాకు తెలిసిన అక్షరాలు ఒక్కటీ కనిపించలేదు. పుస్తకంలో అక్షరాలు దేనికది విడిగా కూర్చుంటాయి. ఇవి ఒకదాని మీద ఒకటి పడి పరుగెడుతున్నాయి. ఎదురింటామె కూడా అక్కడే ఉంది. జీపు డ్రైవరూ ఉన్నాడు. ఇంత గొప్పగా చదువు నేర్చుకున్నదాన్ని, రాలేదని ఎలా చెప్పను? "నువ్వు సెప్పినట్టే సేసానంటన్నాడు," అన్నాను.

ఆయన తల ఊపి పని మొదలుపెట్టాడు. గొట్టంలోకి షాఫ్టు తోసి, చక్రం బిగించే ముందు ఒక్క క్షణం ఆగాడు. వేళ్ళతో అటూ ఇటూ కదిపాడు.

"కొద్దిగా ఆడతన్నట్టుందేటి," అన్నాడు తనలో తాను. మళ్ళీ తనే, "పుల్ల ఎళ్ళింది గదా. పుల్ల కొలత తప్పదు," అన్నాడు.

బిగించేశాడు.

అప్పుడు నా చెయ్యి దానంతటదే చీర కుచ్చిళ్ళ మీద తెరుచుకుంది. బొటనవేలు, చిటికెన వేలు. పక్కనే గొట్టం మీద ఆనించి ఉన్న ఆయన చెయ్యి చూశాను. నా జానకూ ఆయన జానకూ రెండు వేళ్ళ తేడా ఉంది. ఇరవై ఏళ్ళుగా ఆ చెయ్యి ఎరుగుదును. చీటీ రాసేటప్పుడు ఎందుకు తట్టలేదో తెలియదు.

ఆయన ఎడమ కాలితో తన్నాడు, ఇంజను మొదటి తన్నుకు అందుకోలేదు. నాలుగోసారికి అందుకుంది. స్టాండు మీద వెనక చక్రం గిర్రున తిరిగింది. చుట్టూ నిలబడ్డవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆయన సీట్లో కూర్చుని కాలు చాపి పెట్టాడు. రెండేళ్ళ తర్వాత ఆ కాలు పెట్టాల్సిన చోట పెట్టినట్టు కనిపించింది. ఘాటు రోడ్డు మీది ఊళ్ళో కాఫీ మిషను ఆగిపోయి ఉంది, రేపు పొద్దున్నే వచ్చి చూస్తానని ఫోన్లో ఎవరికో మాటిచ్చేశాడు.

నేను చీటీ పట్టుకుని కాఫీ గింజలు ఆరబెట్టిన కళ్ళానికి వెళ్ళాను. గింజలు తిరగేస్తున్నట్టు కూర్చున్నాను. ఒక్కో గీతను వేలితో పట్టుకుని, ఇది ఏ అక్షరం కావచ్చు అని నేల మీద పుల్లతో విడిగా రాసుకున్నాను. మొదట దొరికింది "నా". ఆ తర్వాత "జాన" దొరికింది, అది నాకు బాగా తెలిసిన మాట కనుక. రెండూ కలిపి చదివాక మిగతా గీతలను మళ్ళీ మొదటి నుంచి పట్టుకున్నాను. ఎండ కళ్ళం దాటి పోయేదాకా కూర్చున్నాను. పూర్తయ్యేసరికి ఇలా ఉంది: "పుల్ల రాలేదు. ఫోను కలవలేదు. ఎవరి జానో చీటీలో లేదు. నా జాన పెట్టి చేశాను. నా చెయ్యి చిన్నది. బండి ఎక్కే ముందు లోపల పళ్ళు ఎంత పట్టాయో చూసుకోండి. తక్కువైతే పుల్లతో తిప్పి పంపండి, మారుస్తాను."

నేల మీద రాసిన అక్షరాలను కాలితో చెరిపేశాను. చెరిపాక కూడా అవి అక్కడే ఉన్నట్టనిపించింది. చెప్పకపోతే ఏమవుతుందని ఒకసారి ఆలోచించాను. ఏమీ కాకపోవచ్చు. పళ్ళు పట్టాయి కాబట్టే చక్రం తిరిగింది. చెబితే ఆయన రేపు వెళ్ళడు, అందరి ముందూ మాటిచ్చిన మనిషి. నా చదువు సంగతీ తేలిపోతుంది. ఇంటికి పోయే దారిలో ఇవన్నీ లెక్కవేసుకుంటూనే ఉన్నాను. గుమ్మం దగ్గర ఆయన చక్రానికి పడిన మట్టి గుడ్డతో తుడుస్తున్నాడు. ఇంకా వెలుగుంది.

"మావా, పుల్ల ఎళ్ళనేదు."

"ఏ పుల్ల?"

"గోనెలో నువ్వెట్టినది. నేను తీసీసినాను."

గుడ్డ ఆగింది. "ఎందుకు?"

"ఆ లేత్ మనిషి కొండోళ్ళనుకుంటాడని."

"మనం కొండోళ్ళం కావేటి?"

చీటీ తీసి చదివాను. ఈసారి తడుముకోలేదు. మొత్తం నోటికొచ్చేసింది అప్పటికే. చివరి మాట దాకా వింటూ చక్రం వైపే చూశాడు.

"పొద్దున సెప్పినట్టే సేసానన్నాడని సదివినావు."

"సదవనేదు. సదివినట్టు సెప్పినాను."

అరుస్తాడనుకున్నాను. అరవలేదు. పానా తెమ్మన్నాడు. చక్రం విప్పి, షాఫ్టును మెల్లగా బయటకు లాగాడు. కొన మీద గ్రీజు తుడిచి వెలుతురులో పట్టుకున్నాడు. పళ్ళు బొటనవేలంత పొడుగున్నాయి. అందులో చివర మాత్రం, గోరు వెడల్పున, కొత్తగా రాసుకుని మెరుస్తోంది. అంతే పట్టింది. ఆయన తన గోరు దాని మీద పెట్టి చూశాడు.

"దిగుడులో గేరు మీద ఆపుతుంటాం," అన్నాడు. "అప్పుడీ కొన ఊడిపోద్ది. బ్రేకు ఒక్కదాని మీద ఈ పొడుగు బండి ఆగదు. కాలు కింద ఆనించి ఆపడానికీ నాకు అవదు."

ఆయన వెళ్ళి చూరులోంచి పుల్ల తనే తీసుకొచ్చాడు. ఎక్కడుందో నేను చెప్పనే లేదు. ఏదైనా దాచాలంటే ఈ ఇంట్లో చూరు ఒక్కటే కదా. చెయ్యి చాపి పుల్లను బొటనవేలికీ చిటికెన వేలికీ మధ్య పెట్టుకున్నాడు. సరిపోయింది.

"జాకి దీర్ఘం పెట్టినావు," అన్నాడు. "షాఫ్టుకి పెట్టడం మరిసిపోనావు."

నవ్వించడానికే అన్నాడని తెలుసు. నవ్వు రాలేదు. ఆయనకూ రాలేదు. తర్వాత ఫోన్ చేసి రేపు రాలేనని చెప్పాడు. కారణం చెప్పలేదు. అన్నం తినేటప్పుడు మళ్ళీ రోడ్డు వైపు చూస్తాడేమోనని నేను ఆయన కళ్ళే చూస్తూ కూర్చున్నాను. ఒకే ఒక్కమాట అన్నాడు, "ఆ లేత్ మనిషి మంచోడే. పుల్ల అడిగినాడు."

మర్నాడు పొద్దున లేవగానే నోటుబుక్కు తెచ్చి ఆయన ముందు పెట్టాను. చెయ్యి పెట్టమన్నాను. ఎందుకని అడగకుండా పెట్టాడు. వేళ్ళు బాగా చాపమని, బొటనవేలి అంచు నుంచి చిటికెన వేలి అంచు దాకా పెన్సిలుతో గీశాను. కింద "ఇది మా ఆయన జాన" అని రాశాను. దీర్ఘం చూసుకోలేదు. గోనెలో షాఫ్టు చుట్టి జీపు డ్రైవరుకు ఇమ్మన్నాడు. నేను వెళ్తానన్నాను. అన్నం మూట కట్టుకోమన్నాడు.

జీపులో క్యాబేజీ బస్తాల పక్కన చోటు దొరికింది. షాఫ్టును ఒళ్ళో అడ్డంగా పెట్టుకున్నాను. కాగితం రవికెలో దాచాను. పుల్ల ఎక్కడ పెట్టినా జారిపోతుందేమోనని భయం. తీసి కొప్పులో, అందరికీ కనిపించేలా, దోపుకున్నాను.